రెండో పేరు

మా పఠనాలయంలో నామినేషన్ల పుస్తకం ఒకటి ఉంది. అట్ట ఊడిపోతే రెండుసార్లు బైండు చేయించాం. రెండేళ్ళకొకసారి అధ్యక్ష పదవికి ఎన్నిక, ఎన్నికకొక పేజీ. ఒకటి అని వేసి ఒక పేరు, రెండు అని వేసి ఇంకో పేరు. మొదటి పేరు మధ్యలో ఒకసారి మారింది గానీ, ఏ పేజీ తిప్పినా రెండో పేరు మాత్రం ఒకే దస్తూరి. నీలం సిరా, కాస్త వెనక్కి వాలిన అక్షరాలు, సంతకం కింద ఒక చుక్క.

ఈసారి పేజీలో ఒకటి దగ్గర నా పేరు రాశాను. రెండు దగ్గర ఏమీ లేదు. గడువు ఇంకా నాలుగు రోజులుంది. ఆ ఖాళీ గీత వంక చూస్తూ కూర్చుంటే మాస్టారు పోయారన్న సంగతి నాకు అప్పుడు సరిగ్గా తెలిసింది. పెద్దకర్మ రోజు వంద విస్తళ్ళు లేచినా తెలియలేదు, ఇక్కడ తెలిసింది.

ఊళ్ళో ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్ళు తక్కువ. ఎదురుగా మాస్టారు, వెనకాల రెండో పేరు మాస్టారు. నేనూ ఇక్కడ ఆయన పేరు రాయను. రాస్తే "ఒక్క పేరేనా? ఇంకెవరూ దొరకలేదా?" అంటారు.

అది ఆయన ఊతపదం. ఏ విషయమైనా సరే, ఒకటి చెప్పగానే "రెండోది చెప్పు" అనేవారు. డాక్టరు గారు మందు రాస్తే "ఇది కాక రెండోది ఏముందండీ?" అని అడిగేవారు. ఎవరింట్లోనైనా పెళ్ళి కుదిరిందంటే "రెండో సంబంధం చూశారా?" అని అడిగి చీవాట్లు తిన్న రోజులున్నాయి. "నన్ను చూడ్డానికి వచ్చినప్పుడు మాత్రం రెండోది అడగలేదు, అదే గొప్ప" అని అమ్మగారు, అంటే ఆయన భార్య, దెప్పేవారు. మాస్టారు కళ్ళజోడు తుడుచుకుంటూ "అడిగానే. మీ నాన్నగారు లేదన్నారు" అనేవారు.

ఎండైనా వానైనా చంకలో నల్లగొడుగు. విప్పింది నేను పెద్దగా చూడలేదు. ఏ ఎండకా గొడుగు పట్టేవాళ్ళు ఊళ్ళో కొల్లలుగా ఉన్నారు గనుక తాను ముడిచే ఉంచుతానని ఆయన సమాధానం. ఆయన మాట వినని జనం ఆయన గురించి చెప్పుకునే సామెత ఎటూ ఉండనే ఉంది, ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని.

మాది కాలువ గట్టున ఉన్న చిన్న టౌను. రావులపాలెం మార్కెట్టుకు వెళ్ళే అరటిగెలల వ్యాన్లు పఠనాలయం ముందు నుంచే పోతాయి. ఆ రోజుల్లో గెలలు సైకిళ్ళ మీద పోయేవి. నేను డిగ్రీ చదువుతున్నాను, మాస్టారు మాకు రాజనీతిశాస్త్రం చెప్పేవారు. రాజ్యాంగాలన్నిటిలోకీ ఆయనకు ప్రాణమైనది సోవియట్ రాజ్యాంగం. అక్కడ ఎన్నికల్లో ఒకే అభ్యర్థి ఉంటాడనీ, నూటికి తొంభై తొమ్మిది మంది అతనికే ఓటు వేస్తారనీ, జనం అంత ఐకమత్యంగా ఉంటారనీ ఆయన మురిసిపోతూ చెప్పేవారు. మేం రాసుకునేవాళ్ళం.

మా సీనియర్లలో ఒకడు లేచి "రెండో పేరు లేకుండా ఎన్నిక ఏంటండీ మాస్టారూ?" అని అడిగాడట. మాస్టారు అతన్ని క్లాసులోంచి బయటికి పంపించేశారట. ఇది నాకు ఎవరో చెప్పింది కాదు. చాలా ఏళ్ళ తర్వాత ఆయనే చెప్పారు.

తర్వాత ఆ సోషలిస్టు దేశాలు ఒక్కొక్కటే కూలడం మొదలైంది. మా పరీక్షలు దగ్గరపడేసరికి సిలబస్‌లో ఉన్న దేశం భూమ్మీద లేదు. "మాస్టారూ, లేని దేశం రాజ్యాంగం చదవాలాండీ?" అని అడిగాం, ఒక పేపరు తగ్గుతుందన్న ఆశతో. ఆయన కిటికీలోంచి కాలువ కేసి చూస్తూ "దేశం పోయింది గానీ ప్రశ్న పోలేదమ్మా. చదవండి" అన్నారు. ఆ పదిహేను రోజుల్లో ఆయన అయిదారు కేజీలు తగ్గి ఉంటారు.

అప్పుడు మొదలుపెట్టారు ఆ పొడుగు నోటుబుక్కు. రేడియో వినడం, పేపర్లు చదవడం, సోషలిజం వదిలిన దేశాలు ఏమేం పెట్టుకుంటున్నాయో రాయడం. అధ్యక్షుడికి బలం ఇచ్చారా, పార్లమెంటుకు ఇచ్చారా? సభ ఒకటా, రెండా? మనిషికి ఓటా, పార్టీకి ఓటా? ఇవన్నీ ఏ పుస్తకంలోనైనా ఉంటాయి. ఆయన పుస్తకంలో చివర రెండు గళ్ళు ఎక్కువగా ఉండేవి. ఒకదాని మీద "రాసేటప్పుడు ఎవరు గెలుస్తామనుకున్నారు", రెండోదాని మీద "ఎవరు గెలిచారు".

"చూడమ్మా, పోలండులో పాతవాళ్ళు తమ మనిషి కోసమని గట్టి అధ్యక్ష కుర్చీ ఒకటి చేయించుకున్నారు. ఏడాదిన్నర తిరక్కుండా అందులో ఎదుటివాడొచ్చి కూర్చున్నాడు. మాస్కోలో అయితే ముందు పార్లమెంటు మీద ఫిరంగులు పేల్చి, ఆ తర్వాత తీరిగ్గా రాజ్యాంగం రాసుకున్నారు. అది గెలిచినవాడు రాసుకున్న రాజ్యాంగం, అందులో ఓడినవాడికి చోటుండదు. కొన్నిచోట్ల బోర్డు మార్చారు, మనిషి మారలేదు. నాకు తెలిసినంతలో ఎవరు గెలుస్తారో ఎవరికీ తెలియకుండా కూర్చుని రాసినచోటే రూల్సు కాస్త మనుషులు బతికేలా ఉన్నాయి."

రేవులో జనాన్ని దాటించే పంటు మీద ఎంతమందిని ఎక్కించుకోవాలో గీత ముందే గీయాలనేవారు. తీర్థానికి జనం వచ్చి పడ్డాక గీస్తే గీత నీళ్ళలో ఉంటుందట.

ఇదంతా ఎక్కడో దేశాల గొడవ అనుకునేవాళ్ళం. కందకు లేని దురద కత్తిపీటకెందుకండీ అని అమ్మగారు అననే అన్నారు. అయితే ఆ దురద మా ఊరికీ వచ్చింది. మా పఠనాలయం పుట్టిందే కమ్యూనిస్టు పార్టీ ఆఫీసు వరండాలో. మాస్కో నుంచి నున్నటి కాగితాల మీద రంగుల బొమ్మల పత్రికలు కట్టలు కట్టలుగా వచ్చేవి. చదివినవాళ్ళకంటే నోటుపుస్తకాలకు అట్టలు వేసుకున్నవాళ్ళే ఎక్కువ. పాతికేళ్ళుగా దాన్ని సెక్రటరీ గారు నడిపేవారు. మంచాయనే. కానీ ఏ పుస్తకం కొనాలో, ఏ బీరువాకు తాళం ఉండాలో, ఎవరికి సభ్యత్వం ఇవ్వాలో అన్నీ ఆయనే. ఎవరేం అడిగినా "చూద్దాం లెండి" అనేవారు. ఏటా ఒకసారి సభ్యులంతా కూర్చునేవారు. ఆయన తన పేరే చదివేవారు, అందరూ చప్పట్లు కొట్టేవారు, టీ తాగేవారు. ఏకగ్రీవం.

ఏకగ్రీవం అంటే మా వైపు ఎంత మోజో బయటివాళ్ళకు తెలియదు. మా ఇంట్లో గొడవల్లేవండీ అన్నంత గర్వంగా మా ఊళ్ళో పోటీ లేదండీ అంటారు. గుడి కమిటీ అయినా, చర్చి సంఘం పెద్దలైనా, సొసైటీ అయినా పెద్దవాళ్ళు ముందు రోజు ఒకరింట్లో కూర్చుని ఒక పేరు అనుకుంటారు. దానికి ఎదురు పేరు వేశారంటే కక్ష ఉన్నట్టే. ఇక ఆ రెండు ఇళ్ళ మధ్య శుభలేఖలు కూడా ఆగిపోతాయి.

మాస్కో పత్రికలు ఆగిపోయాయి. పార్టీ వరండా ఖాళీ చేయమన్నారు. సభ్యులంతా చందాలు వేసుకుని ఇప్పుడున్న డాబా అద్దెకు తీసుకున్నాం. ఇక మనమే నడుపుకోవాలి కాబట్టి రూల్సు రాసుకుందామన్నారు. మూడు ఆదివారాలు కూర్చున్నాం. నేను అప్పుడే సభ్యురాలినయ్యాను, ఆడవాళ్ళం ముగ్గురమే.

సెక్రటరీ గారు ముందే ఒక కాగితం రాసుకొచ్చారు. అధ్యక్షుడికి అయిదేళ్ళు, సర్వాధికారాలు, తాళాలన్నీ ఆయన దగ్గరే. అధ్యక్షుడు ఎవరవుతారో ఆ గదిలో అందరికీ తెలుసు, అందరూ తలలూపారు. మాస్టారు గొడుగు గోడకానించి లేచారు.

"బ్రహ్మాండంగా ఉందండి. అలాగే రాసుకుందాం. కాకపోతే ఒక్క షరతు. అందరూ తలొక చీటీ తీసుకోండి. ఈ ఊళ్ళో మీకు బొత్తిగా గిట్టని మనిషి పేరు దాని మీద రాసి జేబులో పెట్టుకోండి. ఎవరికీ చూపించక్కర్లేదు. అధ్యక్షుడు ఆ మనిషే అనుకుని ఇప్పుడు ఒక్కొక్క రూలూ చదువుకుందాం."

ఒక్కసారిగా నవ్వులు. తర్వాత పెన్సిళ్ళు తీశారు. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు. సెక్రటరీ గారు కూడా చీటీ రాసి లాల్చీ జేబులో వేసుకున్నారు. మొదటి రూలు చదివారు. "అయిదేళ్ళా?" అని తనే ఆగారు. జేబు మీద చెయ్యి వేసుకున్నారు. "అయిదు ఎక్కువేమోనండి" అన్నారు. సాయంత్రం అయ్యేసరికి అయిదేళ్ళు రెండేళ్ళయింది, తాళాలు లైబ్రేరియన్ దగ్గరికి పోయాయి, పుస్తకాలు కొనడానికి ముగ్గురు సంతకం పెట్టాలన్నారు. పోట్లాట లేదు, ఉపన్యాసం లేదు. జేబుల్లో చీటీలే అన్ని పనులూ చేశాయి. నేను ఎంతమంది పిల్లలకు సివిక్స్ చెప్పినా అంత మంచి పాఠం చెప్పలేకపోయాను.

మాస్టారు అడిగిన రెండు రూల్సు మిగిలాయి. ఒకటి, రెండో పేరు లేకపోతే ఎన్నిక చెల్లదని. అది ఓటుకు పెడితే చిత్తుగా ఓడిపోయింది. ఏకగ్రీవాన్నే కాదంటే ఊరు ఊరుకుంటుందా? రెండోది విని అందరూ పడీ పడీ నవ్వారు గానీ ఒప్పుకున్నారు. ఎన్నికలో ఓడినవాళ్ళు ఆ రోజే అందరికీ పూతరేకులు పంచాలి.

"గెలిచినవాళ్ళు కదండీ తీపి పెట్టాలి" అన్నాడొకాయన.

"గెలిచినవాడికి ఎలాగూ నోరు తియ్యగానే ఉంటుంది" అన్నారు మాస్టారు. "రూలు మంచిదో కాదో తెలియాలంటే ఓడినవాణ్ణి అడగాలండి. వాడు ఇంటికెళ్ళి కడుపునిండా అన్నం తిని, మధ్యాహ్నం కాసేపు కన్ను మూశాడా? అయితే మన రూల్సు బాగున్నట్టే. ఆ దేశాల్లో పాపం ఓడినవాళ్ళకు ఆ నిద్రే లేదు."

రెండో పేరు రూలు ఓడిపోయింది కాబట్టి ఆయనే ఆ రూలు అయిపోయారు. మొదటి ఎన్నికకు సెక్రటరీ గారు నామినేషన్ వేశారు. ఆ సాయంత్రమే మాస్టారు వెళ్ళి కింద తన పేరు రాసి, చుక్క పెట్టి, అక్కణ్ణుంచి సరాసరి సెక్రటరీ గారింటికి వెళ్ళారు. "మీ మీద పోటీ వేశానండి. కాఫీ ఇప్పించండి" అన్నారట. సెక్రటరీ గారు అరగంట మొహం గంటు పెట్టుకుని, తర్వాత కాఫీ ఇప్పించారట. మాస్టారు ఓడిపోయారు. ఆత్రేయపురం పూతరేకులు ముందు రోజే కొని సంచిలో పెట్టుకుని వచ్చారు. పంచేసి ఇంటికి వెళ్తే గుమ్మంలోనే అమ్మగారు "ఏమైంది?" అని అడిగారు.

"ఓడిపోయాను."

"అమ్మయ్య" అన్నారు అమ్మగారు. "కాళ్ళు కడుక్కోండి, వడ్డిస్తాను."

ఈ అమ్మయ్య నేను తర్వాత ఎన్నోసార్లు నా చెవులతో విన్నాను. గెలిస్తే ఈయన పొద్దస్తమానం అక్కడే ఉంటారని ఆవిడ భయం. ఆయన తిని, వసారాలో మడతమంచం వాల్చుకుని, నిజంగానే గుర్రుపెట్టి నిద్రపోయేవారు.

అలా సెక్రటరీ గారు మెట్లెక్కలేనంత మోకాళ్ళ నొప్పులు వచ్చేదాకా గెలుస్తూనే ఉన్నారు, మాస్టారు ఓడుతూనే ఉన్నారు. ఆయన తప్పుకున్నాక అందరూ మాస్టారి మీద పడ్డారు. మీరే ఉండాలి, ఏకగ్రీవంగా చేసేస్తాం అన్నారు. ఏకగ్రీవంగా అయితే నాకొద్దన్నారు. నన్ను పిలిచి "నువ్వు వెయ్యమ్మా" అన్నారు. అప్పటికి నేను జూనియర్ కాలేజీలో లెక్చరర్ని. గురువుగారు చెప్పారు కదా అని పొంగిపోతూ నామినేషన్ వేశాను.

మర్నాడు చూస్తే నా పేరు కింద నీలం సిరా, చుక్క.

నాకు ఏడుపొచ్చింది. కోపమూ వచ్చింది. సాయంత్రం ఆయనే మా ఇంటికి వచ్చారు. కాఫీ ఇవ్వకుండానే అడిగేశాను.

"నన్ను వెయ్యమన్నది మీరే కదండీ? మళ్ళీ నా మీద మీరే వేశారు. నేనేం తప్పు చేశానండీ?"

"ఏమీ చెయ్యలేదమ్మా, ఇంకా. అందుకే వేశాను."

"నలుగురూ ఏమనుకుంటారు?"

"మాస్టారికి కక్ష అనుకుంటారు. రెండు రోజులు అనుకుని మానేస్తారు. చూడమ్మాయ్, నీ మీద ఎవరూ వెయ్యకపోతే నువ్వు గెలిచినట్టు కాదు. నువ్వు ఉన్నట్టు, అంతే. గోడకు గడియారం ఉన్నట్టు. నాకు నిన్ను గెలిపించాలని ఉంది."

కాఫీ కలుపుకొచ్చాను. గ్లాసు అందుకుని కాసేపు ఊదుతూ కూర్చున్నారు. ఉన్నట్టుండి చీటీల సంగతి ఎత్తారు. "ఆ రోజు నా చీటీ మీద ఎవరి పేరు రాశానో నీకు తెలీదు కదూ. నా పేరే రాసుకున్నాను." క్లాసులోంచి బయటికి పంపించిన కుర్రాడి సంగతి అప్పుడు చెప్పారు. "వాడు అడిగింది సరైన ప్రశ్న. నా చేతిలో ఉన్నది ఒక సుద్దముక్క, ఒక హాజరు పుస్తకం. ఆ కాస్త అధికారంతోనే వాణ్ణి వెళ్ళగొట్టాను. ఇంకాస్త ఉంటే ఏం చేసేవాణ్ణో నాకు తెలుసు. ఈ ఊళ్ళో నాకు గిట్టనివాళ్ళు చాలామందే ఉన్నారు గానీ, వాళ్ళెవరినీ నేను అంత దగ్గరగా చూడలేదమ్మా."

ఆ ఎన్నికలో ఆయనకు పదకొండు ఓట్లు వచ్చాయి. పూతరేకు నా చేతిలో పెడుతూ "పదకొండులో నాది లేదు" అన్నారు చిన్నగా. ఆయన మీద నాకున్న కోపం ఆ మాటతో కరిగిపోయింది, మళ్ళీ ఎప్పుడూ రాలేదు.

పన్నెండేళ్ళు నేనే అధ్యక్షురాలిని. ఆరుసార్లూ ఆయన నా మీద వేశారు, ఆరుసార్లూ ఓడిపోయారు. ఎన్నికకు ముందు నెల మాత్రం వదిలేవారు కాదు. కిటికీ అద్దం ఎందుకు బాగుచేయించలేదు? కొత్త నవలలు అట్టపెట్టెలోనే ఎందుకున్నాయి? ప్రతిదానికీ నేను జవాబు చెప్పాలి. ఆ నెలలోనే పనులన్నీ అయ్యేవి. చివరి రెండేళ్ళు ఆయన మెట్లెక్కి రాలేకపోయారు. అడిగేవాళ్ళు లేరు.

సరిగ్గా ఆ రెండేళ్ళలోనే రత్నకుమారి గారు నా దగ్గరికి తిరిగారు. ఆవిడ మిషన్ స్కూల్లో టీచరు. చర్చి వీధిలో పది పన్నెండు మంది అమ్మాయిలు ఉద్యోగ పరీక్షలకు చదువుతున్నారు. ఇళ్ళల్లో చోటు లేదు. పఠనాలయం పొద్దున్న ఆరింటికి తెరిస్తే పనుల్లోకి వెళ్ళేలోపు మూడు గంటలు చదువుకుంటారని అడిగారు. లైబ్రేరియన్ పదింటికి గానీ రాడు. పొద్దున్నే తాళం ఎవరు తీస్తారు, రేపు ఏ పుస్తకమైనా పోతే ఎవరిది పూచీ? "చూద్దామండీ" అన్నాను. నాలుగుసార్లు అడిగారు, నాలుగుసార్లూ చూద్దామండీ అన్నాను. ఆ మాట ఎక్కడో విన్నానని కూడా అనిపించలేదు నాకు.

మాస్టార్ని రాజమండ్రి ఆసుపత్రిలో చేర్చాక చూడ్డానికి వెళ్ళాను. మనిషి మంచంలో సగానికి వచ్చేశారు. గొడుగు మాత్రం మంచం పక్కన స్టూలుకు ఆనించి ఉంది. నన్ను చూడగానే అడిగింది ఒంటి సంగతి కాదు.

"ఈసారి రెండో పేరు ఎవరిదమ్మా?"

ఆ కళ్ళలో భయం చూశాను. చావంటే భయం కాదది. తాను పోయాక ఆ గీత ఖాళీగా ఉండిపోతుందని, మళ్ళీ ఒక పేరు, చప్పట్లు, టీ అవుతుందని. పాతికేళ్ళకు పైగా ఆయన చేసినదంతా ఆయన ఒక్కడి పిచ్చిగానే మిగిలిపోతుందని. పచ్చి అబద్ధం ఆడేశాను.

"ఉందండి మాస్టారూ. ఒకరు వేస్తున్నారు."

"ఎవరు?"

"గెలిచాక చెప్తానండి."

ఆయన మొహం విప్పారింది. "గెలవడం కూడానా!" అని నవ్వారు, దగ్గొచ్చింది, అమ్మగారు నీళ్ళు పట్టారు. ఆ తర్వాత వారం రోజులు ఉన్నారంతే.

అదీ సంగతి. నామినేషన్ల పుస్తకంలో ఆ ఖాళీ గీతను చూస్తే నాకెందుకు అంత గాభరాగా ఉండేదో ఇప్పుడు మీకు తెలిసింది. పోయే మనిషికి ఇచ్చిన మాట, అదీ అబద్ధం. మూడో రోజు కూడా ఎవరూ రాలేదు. గడువు తీరకముందే మా వాట్సాప్ గ్రూపులో పూలగుత్తులు మొదలయ్యాయి. ఏకగ్రీవ అధ్యక్షురాలికి అభినందనలు మేడమ్ అని. లైబ్రేరియన్ నా మొహం చూసి జాలిపడ్డాడు. "పోనీ ఊరికే నా పేరు రాసెయ్యమంటారా మేడమ్? మాస్టారి పేరు చెప్పుకుని" అన్నాడు.

ఒక్క క్షణం ఆశ పుట్టింది. కానీ మాస్టారు దాని గురించీ చెప్పి పోయారు. ఆ దేశాల్లో కొన్నిచోట్ల రెండో పార్టీ, మూడో పార్టీ కూడా ఉండేవట. మొదటి పార్టీవాళ్ళే వాటికి బోర్డులు రాయించి, సభలో కుర్చీలు వేయించేవారట. అది రెండో పేరు కాదమ్మా, మొదటి పేరు నీడ అనేవారు. వద్దయ్యా అన్నాను.

నాలుగో రోజు సాయంత్రం అయిదింటికి గడువు. అయిదుకు పావుగంట ఉందనగా మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. రత్నకుమారి గారు. భుజాన స్కూలు బ్యాగు, చీర చెంగుకు సుద్దపొడి.

"మేడమ్, మీరేమీ అనుకోకపోతే నేను నామినేషన్ వేద్దామనుకుంటున్నానండి. మాస్టారు పోయాక ఎవరో ఒకరు వేస్తారులే అనుకున్నానండి, ఎవరూ వెయ్యలేదంట. మా పిల్లల సంగతి మీరు చూద్దాం అంటూనే ఉన్నారు. మీ మీద కోపం మాత్రం లేదండి."

నాకు ప్రాణం లేచొచ్చింది. లేచి ఆవిడ చేతులు పట్టుకోబోయాను. ఆ తర్వాత రెండు నిమిషాలకు ఒళ్ళు మండింది. చూద్దాం అంటూనే ఉన్నారట! పన్నెండేళ్ళ నుంచి చేస్తున్నదేమీ కనబడలేదా ఈవిడకి? రెండు నిజాలూ చెబుతున్నాను, ఏదీ దాచడం లేదు. పుస్తకం ఆవిడ వైపు తిప్పి, నా పెన్ను ఇచ్చాను. రెండు అన్న అంకె పక్కన గుండ్రటి బడి అక్షరాలతో పేరు రాసుకున్నారు.

"కాఫీకి ఎప్పుడు రమ్మంటారండి?" అని అడిగారు. "పోటీ వేసినవాళ్ళు కాఫీకి వెళ్ళాలంట కదండీ."

ఆదివారం పొద్దున్న ఎనిమిది నుంచి పన్నెండు దాకా ఓట్లు పడ్డాయి. చర్చి వీధి నుంచి మునుపెన్నడూ గడప తొక్కని సభ్యులు వచ్చారు. ఆరాధన ముగించుకుని తెల్లచీరల్లో వరసగా మెట్లెక్కుతుంటే చూడ్డానికి నాకు ముచ్చటేసింది, గుబులూ వేసింది. అక్కడే బల్ల మీద పెట్టె బోర్లించి లెక్కపెట్టారు. నాకు అరవై ఎనిమిది, ఆవిడకు ఎనభై ఒకటి. లైబ్రేరియన్ రెండో అంకె చదవడానికి నీళ్ళు నమిలాడు. "గట్టిగా చదవయ్యా" అన్నాను.

రెండో పేరు గెలవడం అంటే ఎలా ఉంటుందో మాలో ఎవరికీ తెలియదు. ఏం చెయ్యాలో తెలియక అందరూ నావైపు చూస్తున్నారు. అప్పుడు గుర్తొచ్చింది, పూతరేకులు. నేను తేలేదు. పన్నెండేళ్ళలో ఒక్కసారీ తేవాల్సిన పని పడలేదు. పుస్తకంలో రెండో పేరు పడాలని అంతగా కోరుకున్న నాకే, ఈసారి ఓడిపోవచ్చని తట్టలేదు.

రత్నకుమారి గారు మొహమాటపడుతూ స్కూలు బ్యాగు జిప్పు తీశారు. లోపల ఆత్రేయపురం అట్టపెట్టెలు నాలుగు. "నేనే ఓడిపోతాననుకుని తెచ్చానండి" అన్నారు.

మాస్టారి నోటుబుక్కులో చివరి రెండు గళ్ళు కళ్ళముందు కదిలాయి. ఎవరు గెలుస్తామనుకున్నారు, ఎవరు గెలిచారు. ఇద్దరి లెక్కా తప్పింది. నాకు నవ్వాగలేదు. నవ్వుతుంటే కళ్ళవెంట నీళ్ళు కారాయి, ఎందుకో నేను తుడుచుకోలేదు.

"ఇలా ఇవ్వండి" అన్నాను పెట్టెలు లాక్కుంటూ. "రూలు ప్రకారం పంచాల్సింది నేను."

మొదటి పూతరేకు ఆవిడకే పెట్టాను. అందరికీ పంచాక మిగిలినవి రెండు కాగితంలో చుట్టుకుని మాస్టారింటికి వెళ్ళాను. వసారాలో మడతమంచం గోడకు చేరేసి ఉంది. లోపల దండ వేసిన ఫోటో, పక్కన మేకుకు గొడుగు. ఫోటో ముందు నిలబడి "రత్నకుమారి గారండి మాస్టారూ" అన్నాను. పేరు చెప్తానని మాటిచ్చాను కదా.

వంటింట్లోంచి అమ్మగారు చేతులు తుడుచుకుంటూ వచ్చారు. కాగితం పొట్లం చూసి, చాలా ఏళ్ళ అలవాటు కొద్దీ, "ఈసారి ఎవరు ఓడిపోయారమ్మా?" అని అడిగారు.

"నేనేనండి."

ఆవిడ నా మొహంలోకి తేరిపార చూశారు.

"అమ్మయ్య" అన్నారు. "కాళ్ళు కడుక్కో, వడ్డిస్తాను."

దోసకాయ పప్పు, వంకాయ వేపుడు, చారు. రెండోసారి అన్నం పెట్టించుకుని తిన్నాను. వసారాలో మడతమంచం వాల్చుకున్నాను. నాలుగింటికి అమ్మగారు కాఫీ తెచ్చి లేపేదాకా నాకు మెలకువ రాలేదు.